ప్రతిపక్షులను వెలివేయవచ్చునా?

రాజకీయోద్యమములు తమ ప్రతిపక్షులను వెలివేయుట ధర్మమగునా యను ప్రశ్న నేడు విద్యావంతుల యిండ్లలో తఱచుగా వినవచ్చుచున్నది. పాశ్చాత్యులు దీనికి క్యాన్సిల్ కల్చర్ అని పేరు పెట్టిరి. మన పత్రికలవారు కొందఱు దానిని రద్దు సంస్కృతి యని తెలిగించిరి. ఆ మాట నాకంతగా రుచింపదు. రద్దగునది రైలుబండియో సభయో దస్తావేజో కాని మనుష్యుడు కాడు. ఈ పనికి మనకు 'వెలి' యను మాట ఏనాటినుండియో యున్నది. ఒకడు పదేండ్లక్రిందట పలికిన మాటను వెలికిదీసి ఫోన్లలో లోకమునకెల్ల చూపుట, అతని యజమానికి ఉత్తరములు గుప్పించి ఉద్యోగము తీయించుట, ప్రకాశకులను బెదరించి పుస్తకమును నిలిపించుట, సభలలో నోరెత్తనీయకుండుట, వీనికి తోడు అతనితో చెలిమి చేయువారినిగూడ అనుమానించుట: ఇవి యన్నియు చేరినప్పుడే అది వెలి యగును. విమర్శ దీనికంటె వేఱు. విమర్శకుడు ఎంత కటువుగా మాటాడినను ఎదుటివాని ప్రత్యుత్తరమునకు చోటుంచును. వెలివేయువాడు ఆ చోటునే తీసివేయును.

సంఘసంస్కరణమును కోరు మన బోంట్లకు ఈ ప్రశ్న పరాయిది కాదు. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించినపుడు సంఘము చేసిన పని యిదియే. వంటవారు మానిరి, నీళ్లు తెచ్చువారు మానిరి, పురోహితులు గడప త్రొక్కలేదు. రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుండి తామే నీళ్లు మోసికొని వచ్చి వంట చేయవలసి వచ్చెను. పెండ్లికి పోయినవారిలో పలువురు ప్రాయశ్చిత్తము చేసికొని వెనుకకు మరలిరి. ఇచట గమనింపదగిన సంగతి యొకటి కలదు. మరలినవారెవరును వితంతువులు వివాహమాడరాదను వాదమునకు లోబడి మరలలేదు. తండ్రి తద్దినమునకు బ్రాహ్మణుడు దొరకడని మరలిరి. వెలి మనుష్యుని అభిప్రాయమును ముట్టదు. అతని పొయ్యిని, నూతిని, బిడ్డల పెండ్లిండ్లను ముట్టును. ధైర్యవంతులను అది కదలింపజాలదు. దానికి లోబడువారు పిఱికివారును పేదవారును మాత్రమే.

ఆ పాత వెలికి ప్రాయశ్చిత్తమను ద్వారమైన నుండెను. ఎంత దండుగ, ఎన్ని దినముల వ్రతము, ఎవరి పాదములు పట్టవలెను అను లెక్కలు ముందే తెలిసియుండెడివి. నేటి వెలికి అదియు లేదు. క్షమార్పణ చెప్పుకొన్నవాని క్షమార్పణనే అతని నేరమునకు సాక్ష్యముగా చూపుచున్నారు.

అయితే వెలి యెల్లప్పుడును బలవంతుల ఆయుధమే యని చెప్పిన చరిత్రకు అన్యాయము చేసినవారమగుదుము. నేడు లోకమంతట వాడబడుచున్న బాయ్‌కాట్ అను మాట పుట్టిన కథను చూడుడు. 1880లో ఐర్లండు దేశమున పంటలు చెడి, శిస్తు చెల్లింపలేని రైతులను భూస్వాములు ఇండ్లనుండి గెంటించుచుండిరి. అట్టివారి భూమిని మఱియొకడు వచ్చి కౌలుకు తీసికొనుట వారి కడుపులపై రెండవ దెబ్బ. సెప్టెంబరు 19వ తేదీన ఎన్నిస్ పట్టణమున జరిగిన బహిరంగసభలో రైతుల నాయకుడు పార్నెల్, అట్టి కౌలుదారుని ఏమి చేయవలెనని జనులను ప్రశ్నించెను. కాల్చి చంపవలెనని గుంపులోనుండి కేకలు వచ్చినవి. అంతకంటె క్రైస్తవోచితమైన మార్గమొకటి కలదని చెప్పి ఆయన వెలిని ఉపదేశించెను. బాటలో, అంగడిలో, సంతలో, కడకు దేవాలయములోనైనను వానిని పలుకరింపక విడువుడని చెప్పెను. అనగా వెలి అచట హత్యకు మాఱుగా వచ్చినది. ఈ సంగతిని మఱచి పార్నెల్‌ను నిందించుట సులభము.

కొలది దినములకే ఆ ఉపదేశము మేయో మండలమున ఎర్న్ ప్రభువుగారి ఏజెంటయిన కెప్టెన్ ఛార్లెస్ బాయ్‌కాట్ అనునాతనిపై ప్రయోగింపబడెను. కూలీలు పొలమునకు రారైరి. కమ్మరి గుఱ్ఱములకు నాడాలు కొట్టడయ్యెను. చాకలి బట్టలుతుకదయ్యెను. అంగళ్లవారు సరకులమ్మరైరి. కోతకు అల్‌స్టరునుండి ఏబదిమంది కూలీలను తెప్పింపగా, వారి కాపుదలకు ఇంచుమించు వేయిమంది సైనికులు దిగవలసి వచ్చెను. అయిదువందల పౌనుల పంటను కోయించుటకు పదివేల పౌనులు ఖర్చయినదని నాటి అంచనా. డిసెంబరు 1వ తేదీన బాయ్‌కాట్ ఆ దేశము విడిచెను. మఱుసటి సంవత్సరము పార్లమెంటు న్యాయమైన శిస్తును నిర్ణయించు కోర్టును ఏర్పఱచు చట్టము చేసెను. ఓటులేని, తుపాకిలేని, కోర్టులో వకీలుకు రుసుము చెల్లింపలేని రైతులకు తమ చేతి పనిని తాము మానుకొనుటకంటె వేఱు సాధన మేమున్నది? నేను ఆ రైతులను తప్పుపట్టజాలను.

కాని ఆ కమ్మరియు ఆ చాకలియు అందఱును మనసార మానినవారు కారు. భయపడి మానినవారును కలరు. టపా మోయు పిల్లవానినిగూడ బెదరించిరి. ఇట్టి మచ్చ ఆ ఉత్తమోదాహరణమునకే తప్పలేదు. ఇంకొక సంగతియు కలదు. పదేండ్లకు, 1890లో, పార్నెల్‌కు ఒక వివాహిత స్త్రీతో గల సంబంధము విడాకుల వ్యాజ్యమున బయల్పడగా, మతాచార్యులు ఆయనను విడువుడని జనులకు చెప్పిరి. పార్టీలో అధికసంఖ్యాకులు ఆయనను విడిచిరి. ఉపయెన్నిక ప్రచారమున ఒకచోట ఆయన ముఖముపై సున్నము చల్లిరి. 1891 అక్టోబరులో, నలుబదియైదేండ్ల వయసున, ఆయన మరణించెను. జనులు తమ నాయకుని వద్దనే వెలివేయుట నేర్చికొనియుండిరి.

నా పూర్వశిష్యుడొకడు, నేడు ఒక ఉద్యమమున శ్రమించుచున్నవాడు, ఈ విషయమై నాతో వాదించుచు ఇట్లనెను: "మాస్టారూ, వందలయేండ్లు మా వాడను ఊరికి వెలుపలనుంచినవారు, నేడు తమ ఉపన్యాసమొకటి ఆగినంతనే వెలి వెలి యని మొఱపెట్టుచున్నారు. మాకు పత్రికలు లేవు, పీఠములు లేవు. మీతో మాకు పొత్తు వలదని చెప్పు అధికారమైనను మాకు లేదా?" ఈ మాటలో చాల సత్యమున్నది. 1991లో గుంటూరు జిల్లా చుండూరున దళితులను సాంఘికముగా బహిష్కరించి, పనులనుండి తొలగించి, కడకు ఆగస్టు 6వ తేదీన వారిని నఱికి చంపిన వృత్తాంతమును తెలిసినవాడెవడును వెలి యను మాటను తేలికగా వాడజాలడు. దళితులను, గిరిజనులను సాంఘికముగా, ఆర్థికముగా బహిష్కరించుట నేరమని అత్యాచార నిరోధక చట్టమున 2015లో స్పష్టముగా చేర్పబడినది.

ఆతని ప్రశ్నకు నా యుత్తరమిది. పొత్తు మానుకొను అధికారము నిశ్చయముగా కలదు. కాని తన పొత్తును తాను మానుట యొకటి. ఎదుటివానితో లోకములోనెవ్వరును పొత్తు చేయరాదని శాసించుట మఱియొకటి. అమెరికాలో ఒకే సంవత్సరమున జరిగిన రెండు సంగతులను ప్రక్కప్రక్కన నుంచి చూతము. 1955 డిసెంబరు 5వ తేదీనుండి మాంట్‌గొమరీ నగరమున నల్లజాతివారు సిటీబస్సు లెక్కుట మానిరి. 381 దినములు నడచి పోయిరి. వారి కోరికలు ముందే చెప్పబడినవి. అవి తీఱిననాడు మరల బస్సెక్కిరి. ఆ బస్సు తోలువాని బిడ్డల బడికి గాని, అతని యింటి పాలకు గాని వారు అడ్డుపడలేదు. ఆ యేడే ఆగస్టులో మిసిసిపీ రాష్ట్రపు యాజూ సిటీలో, తమ బిడ్డలను తెల్లవారి బడులలో చేర్చుకొనుడని నల్లజాతివారు 53 మంది అర్జీ పెట్టిరి. ప్రతిపక్షమువారు ఆ పేర్లన్నియు పత్రికలో ప్రకటించిరి. అంతే. ఒకనికి కొలువు పోయెను, ఒకనికి అంగడిలో అప్పు పుట్టలేదు. ఇంచుమించు అందఱును తమ పేర్లను కొట్టివేయించుకొనిరి. ఎవనిని కొట్టుమని పత్రికలో ఎవరును వ్రాయలేదు, జాబితాయే చాలినది. నేడు ఫోన్లలో తిరుగు జాబితాలను చూచినపుడెల్ల నాకు ఈ జాబితా జ్ఞాపకము వచ్చును. ఉద్దేశము వేఱని మనవారు చెప్పవచ్చును. ఉద్దేశము వేఱే కావచ్చును. యంత్రము మాత్రము అదియే.

ఈ విషయమున గాంధిమహాత్ముని మాట వినదగినది. 1888లో సీమకు పోవుచున్నాడని ఆయనను కులమువారు వెలివేసి, సాగనంపబోయినవానికి రూపాయి నాలుగణాల జుల్మానా విధించిరి. సహాయనిరాకరణము నాటికి ఆయన అనుచరులే ప్రతిపక్షులను వెలివేయ మొదలిడగా, ఆయన యంగ్ ఇండియాలో దానిని గూర్చి వ్రాసెను. ఒకని యింట విందు మానుట, పెండ్లికి పోకుండుట తగును గాని, వైద్యుని, నీటిని, సంఘములో మనుష్యునిగా బ్రదుకుటకు కావలసిన సేవలను నిరోధించుట పశుత్వమని ఆయన అభిప్రాయము. నేటికాలమున ఉద్యోగము నీటివంటిదే. జీతముపై బ్రదుకువానిని జీతమునుండి తప్పించుట చెఱలో పెట్టుటకు తక్కువ కాదని జాన్ స్టూఅర్ట్ మిల్లు 1859లోనే గ్రహించెను.

హత్యలకు పురికొల్పువానిని సహింపవలెనని నేను చెప్పుటలేదు, వానికి చట్టమున్నది. ఉద్యమము తన వేదికపై తన శత్రువును ఎక్కించుకొనవలెనని కూడ చెప్పుటలేదు. 2017, 2018 సంవత్సరములలో స్త్రీలు తమ్ము బాధించిన అధికారుల పేర్లను బహిరంగముగా చెప్పినపుడు కొందఱు దానిని గూడ వెలి యనిరి. అది వెలి కాదు, ఫిర్యాదు. వినవలసిన గదుల తలుపులు మూసియుండుటచే అది వీధిలో వినబడెను. అచట ప్రశ్న మనుష్యుడు చేసిన పనిని గూర్చినది. విచారణ జరిగి తీఱవలెను. నేను ఆక్షేపించునది అభిప్రాయమునకు ఆకలిని శిక్షగా విధించుటను.

మన శాస్త్రకారులు సిద్ధాంతమునకు ముందు పూర్వపక్షమును చెప్పవలెనని నియమము పెట్టుకొనిరి. అదియు మొక్కుబడిగా గాక, ప్రతిపక్షియే వచ్చి చెప్పినంత బలముగా చెప్పవలెను. పదునాలుగవ శతాబ్దిలో మాధవాచార్యుడు సర్వదర్శనసంగ్రహమును రచించుచు, మొట్టమొదటి స్థానమును వేదనిందకుడగు చార్వాకునకే యిచ్చెను. చార్వాకుల మూలగ్రంథములు చాలవఱకు నశించినవి. వారి వాదమును గూర్చి నేడు మనకు తెలిసినదానిలో అధికభాగము వారి శత్రువులు పదిలపఱచినదే. ఆ శాస్త్రకారులే కులధర్మమున వెలిని సమర్థించిరి గదా యని చదువరులు నన్నడుగవచ్చును. అడుగుట న్యాయమే. గ్రంథములో చార్వాకునకు పీటవేసినవారు వీధిలో పంచమునకు చోటీయలేదు. అందు మొదటిదానిని గ్రహించి రెండవదానిని విడుచుటకే మనము సంస్కర్తలమైతిమి.

సంస్కర్తలుగూడ తడబడిన సందర్భమొకటి చెప్పెదను. కులనిర్మూలనమునకై లాహోరున ఏర్పడిన జాత్ పాత్ తోడక్ మండలము 1936లో తమ వార్షికసభకు డాక్టరు అంబేద్కరుగారిని అధ్యక్షునిగా పిలిచెను. ఆయన ఉపన్యాసపు ప్రతిని ముందుగా చూచి, వేదశాస్త్రముల ప్రామాణ్యమును ఖండించు భాగములను, హిందూమతమును విడనాడెదనను మాటను తీసివేయుమని వారు కోరిరి. ఆయన అక్షరము మార్చుటకును ఒప్పుకొనలేదు. సభయే ఆగిపోయెను. ఆ మండలమువారు చెడ్డవారు కారు. తమవైపున నున్న జంకుగల మనుష్యులు చెదరిపోవుదురేమో యని భయపడిరి. ఉద్యమములు వెలికి పూనుకొనునపుడు చాలమాఱులు కారణము ద్వేషము కాదు, ఈ భయమే. అందువలన నష్టపోయినదెవరు? ఉపన్యాసము పోలేదు. అంబేద్కరుగారు తమ ఖర్చుతో 1500 ప్రతులు అచ్చువేయించిరి. కులమును గూర్చి ఈ దేశమున వ్రాయబడిన మిక్కిలి బలమైన వాదమును తమ సభలో విను భాగ్యము ఆ మండలమువారికే తప్పిపోయెను.

ఆ జులైలో గాంధీగారు హరిజన పత్రికలో ఆ పుస్తకమును ఖండించుచు వ్రాసిరి. అంబేద్కరుగారి వాదమును అంగీకరింపకయే, సభవారు ఆయన ఉపన్యాసమును నిరాకరించుట వివేకము కాదనిరి. అంబేద్కరుగారు దానికి ఘాటుగా ప్రత్యుత్తరము వ్రాసిరి. 1937లో రెండవకూర్పు వెలువడినపుడు ఆయన తమ ప్రత్యుత్తరముతోపాటు, తమ్ము ఖండించిన గాంధీగారి వ్యాసములనుగూడ అనుబంధముగా అచ్చువేయించిరి. నేడు ఆ పుస్తకమును కొని చదువువాడు ఇరువురి వాదములను ఒకే అట్టల నడుమ చదువగలడు.