జుట్టు ఎంత పెరిగితే పొడవు?



"ఫాదర్‌గారూ, మీరే చెప్పండి. ఇది పొడవు జుట్టా, కాదా?" కొడుకును ఎదురుగా నిలబెట్టి తల్లిదండ్రులు నన్ను ఈ ప్రశ్న ఎన్నోసార్లు అడిగారు. నిజామాబాదు పట్టణంలోని కటింగ్ షాపులలో ఇప్పుడు ఎన్ని రకాల తలలో! పక్కలు మిషన్‌తో తీసేసి ముందు జుట్టు ముక్కు దాకా వదిలేది ఒకటి. ముందు పొట్టిగా ఉండి వెనుక మెడమీదికి జారేది ఇంకొకటి. చెవులు కప్పేది, కాలరు తాకేది, రబ్బరు బ్యాండుతో పిలక కట్టేది సరేసరి. వీటిలో ఏది పొడవు, ఏది పొట్టి?

పెద్దలు వెంటనే పునీత పౌలుగారిని సాక్షిగా పిలుస్తారు. కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 11వ అధ్యాయంలో, పురుషుడు జుట్టు పెంచుకోవడం అవమానకరమని ఆయన అన్నారు కదా అంటారు. పిల్లలేమో గోడమీది పటం చూపిస్తారు. "యేసు ప్రభువుకు భుజాల దాకా జుట్టు ఉంది కదా!" అంటారు. ఇద్దరికీ సమాధానం చెప్పవలసినదే.

ముందు పిల్లలకు. ప్రభువు జుట్టు ఎలా ఉండేదో నాలుగు సువార్తలలో ఒక్క మాట కూడా లేదు. రోము నగరపు భూగర్భ సమాధులలో తొలి క్రైస్తవులు గీసిన చిత్రాలలో ఆయన గడ్డం లేని యువకునిగా, పొట్టి జుట్టుతో గొర్రెల కాపరిగా కనిపిస్తారు. మన ఇళ్లలోని పటం తరువాతి చిత్రకారుల ఊహ. జుట్టు కత్తిరించని 'నాజీరు' వేరు, నజరేతువాడైన యేసు వేరు. నాజీరు ద్రాక్షారసం ముట్టకూడదని సంఖ్యాకాండము 6వ అధ్యాయం చెబుతున్నది. ప్రభువు కానా పెండ్లిలో నీళ్లనే ద్రాక్షారసం చేశారు!

ఇక పెద్దలకు. పౌలుగారు వాడిన గ్రీకు మాటకు 'జుట్టు పెంచుకొను' అని అర్థం. అందులో అంగుళాల లెక్క లేదు. కొరింతు రోమీయులు క్రీ.పూ. 44లో తిరిగి కట్టించిన పట్టణం. రోమా మగవారు జుట్టు పొట్టిగా కత్తిరించుకునేవారు. ఆ ఊరి మర్యాదలో స్త్రీపురుషుల తేడా ప్రార్థనలో చెరిగిపోకూడదన్నది పౌలుగారి చింత. ఆయనే మొక్కుబడి ఉన్నందున జుట్టు పెంచి, ఆ కొరింతు రేవైన కెంక్రేయలోనే కత్తిరించుకున్నారని అపోస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో చదువుతాము. సంసోను తలమీద, సమూయేలు తలమీద మంగలి కత్తి పడకూడదన్నది మొక్కు. అబ్షాలోము మాత్రం అందం కోసం పెంచాడు. ఏటేటా కత్తిరించిన ఆ జుట్టు 200 తులముల బరువు తూగేదట, అంటే రెండు కిలోలకు పైనే. ఆ అందగాడే తండ్రిమీద తిరగబడ్డాడు.

మన ప్రాంతంలోనూ అంతే. నాందేడు వైపు నుంచి వచ్చే సిక్కు సోదరులకు కేశాలు విశ్వాసానికి గుర్తు. అయ్యప్ప మాల వేసుకున్న పొరుగువారు 41 రోజులు కత్తెర ముట్టరు. మన క్రైస్తవులే వేలాంగణి వెళ్లి తలనీలాలు ఇచ్చి వస్తారు. జుట్టు ఒకటే, అర్థాలు అనేకం.

కాబట్టి సూటిగా చెబుతాను. చెవులు కప్పినంత మాత్రాన, కాలరు తాకినంత మాత్రాన అది పౌలుగారు చెప్పిన పొడవు జుట్టు కాదు. పిలక కట్టేంత ఉంటే అది పొడవు జుట్టే, బుకాయించనక్కరలేదు. కాని పొడవైనంత మాత్రాన అది పాపమూ కాదు. విశ్వాసుల జుట్టు ఇన్ని అంగుళాలే ఉండాలని శ్రీసభ చట్టంలో ఎక్కడా లేదు. గురువులు నడినెత్తిన జుట్టు తీయించుకునే పాత ఆచారాన్ని కూడా ఆరవ పౌలు జగద్గురువులు 1972లో తొలగించారు.

ఇంత తెలిసీ నేను ఒక తప్పు చేశాను. అది మీతో చెప్పాలి.

2016 తపస్సు కాలం. బోధన్ వైపు ఒక చిన్న విచారణలో ఉన్నాను. గాయక బృందంలో డోలక్ వాయించే అబ్బాయి ఉండేవాడు, ఇరవై ఏళ్లుంటాయి. భుజాలు తాకే జుట్టు. మొక్కూ లేదు, ఏమీ లేదు. వాడికి అది ఇష్టం, అంతే. ఒకప్పుడు ధోనీ జుట్టు చూసి దేశమంతా పిల్లలు పెంచలేదా! విచారణ పెద్దలు సణిగారు. మ్రానికొమ్మల ఆదివారం ముందు, అందరూ వింటుండగా, "కత్తిరించుకుని రా, అప్పుడు వాయించు" అన్నాను. వాడు డోలక్ గోడకు ఆనించి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

వాడి తండ్రి శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ కార్మికుడు. 1937లో నిజాం కాలంలో మొదలైన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఆ తపస్సు కాలమంతా ఆ ఇంట జీతం లేదు. వాడి జుట్టు ఎంత పెరిగిందో నేను చూశాను. వాళ్ల పొయ్యి ఎన్ని పూటలు వెలుగుతున్నదో అడగలేదు.

తరువాత ఒకనాడు అదే 11వ అధ్యాయం తెరిచాను. జుట్టు మాట అయిపోయి, దాన్ని గురించి వాదులాడే అలవాటు మనకు లేదని పౌలుగారు ముగించేస్తారు. ఆ వెంటనే గొంతు పెంచుతారు. ప్రభువు భోజనానికి కూడినప్పుడు ఒకడు కడుపునిండా తింటాడు, మరొకడు ఆకలితో ఉంటాడు, మీరు లేనివారిని సిగ్గుపరుస్తారా అని నిలదీస్తారు. జుట్టుకు కొద్ది మాటలు. ఆకలిగొన్న సహోదరునికి అధ్యాయం చివరిదాకా. నేను మొదటి సగం చదివి పుస్తకం మూసేశాను.

తల్లిదండ్రులారా, పిల్లవాని జుట్టు మీకు నచ్చకపోతే ఇంట్లో, ఒంటరిగా, ప్రేమతో చెప్పండి. పీఠం దగ్గర సేవ చేసేవాడు తల శుభ్రంగా దువ్వుకోవాలనడం న్యాయమే. దాన్ని గుడి గుమ్మం మీద తీర్పుగా చేయకండి. యువతీ యువకులారా, అద్దం ముందు మీరు గడిపే సమయంలో కొంతైనా ప్రభువు ముందు గడుపుతున్నారా? కొలత చూడాలంటే అక్కడ చూసుకోండి.

ఆ అబ్బాయి గల్ఫ్ వెళ్లాడు. రెండేళ్లకు సెలవు మీద వచ్చి నాకు నమస్కారం పెట్టాడు. తల పొట్టిగా కత్తిరించి ఉంది. పని చేసే చోట అలాగే ఉండాలన్నారట. "ఇప్పుడు సరిపోయిందా ఫాదర్‌గారూ?" అని నవ్వుతూ అడిగాడు. నేను వాని చేయి పట్టుకొని క్షమించమన్నాను. డోలక్ ఇంకా గుడిలోనే ఉందని చెప్పాను. ఆ ఆదివారం వాడు వచ్చాడు. వెనుక వరుసలో కూర్చున్నాడు, వాయించలేదు. వాడి కోసం ఇప్పటికీ ప్రార్థిస్తున్నాను. మీరూ ప్రార్థించండి.

మన తలవెంట్రుకలన్నిటినీ లెక్కించిన తండ్రి, లెక్క తప్పిన మనల్ని క్షమించి దీవించునుగాక! ఆమెన్.