ప్రేమ ముందా, సౌందర్యము ముందా?

"కాకిపిల్ల కాకికి ముద్దు" అను సామెతను మనము సాధారణముగా పరిహాసమునకే వాడుచుందుము. ఎవడైనను తన బిడ్డ పాటను గూర్చియో, తన ఊరి మామిడిపండు రుచిని గూర్చియో మితిమీరి పొగడినప్పుడు ప్రక్కనున్నవారు నవ్వి ఈ మాట అందురు. ప్రేమ కన్నులకు పొరలు గప్పుననియు, ప్రేమించువానికి ఉన్నది కనబడక లేనిది కనబడుననియు దాని భావము. లోకానుభవము కొంతవరకు దీనిని బలపరచుచున్నది గూడ. కాని నేను చిరకాలముగా ఈ సామెతను మరియొక విధముగా చదువుకొనుచున్నాను. ఆ కాకిపిల్లలో ముద్దుగొలుపునది ఏమియు లేదని తీర్పు చెప్పినవారెవరు? దానిని ఒక్క దినమైనను దగ్గరనుండి చూడని మనము. గ్రుడ్డు పగిలిన నాటినుండి రెక్కలు వచ్చువరకు దానిని చూచినది కాకి. చూచినవారి మాటను త్రోసివేసి చూడనివారి మాటను ప్రమాణముగా గైకొనుట ఏ తర్కశాస్త్రమునకు సమ్మతము?

సౌందర్యమున్నందున ప్రేమ పుట్టుచున్నదా, లేక ప్రేమ యున్నందున సౌందర్యము కనబడుచున్నదా? మొదటిది నిజమైనచో ప్రేమ ఒక విధమగు బేరము. అందము తరిగిన దినమున అదియు తరుగును. రెండవది నిజమైనచో, ప్రేమించువాడు చూచునది సత్యమా, తాను కల్పించుకొన్న భ్రమయా అను సందేహము వెన్నంటి వచ్చును. ఈ సందేహము తీరనిదే భార్యాభర్తల అనురాగము గాని, దైవభక్తి గాని, విద్యాభిమానము గాని భ్రమ కాదని చెప్పుటకు మనకు ఆధారము లేదు. కావున ఇది పొద్దుపుచ్చు ప్రశ్న కాదు.

మన ఇండ్లలో పెండ్లిచూపులనాడు మొదటి సిద్ధాంతము రాజ్యమేలును. పిల్ల రంగు, పొడవు, ముక్కుతీరు విచారింతురు. నలువది సంవత్సరములు గడచిన పిమ్మట అదే దంపతులను చూడుడు. ముడుతలు పడిన ఆ ముఖమును ముసలివాడు చూచు చూపులో ఏ కొలతలును లేవు. ఆతడు గతమును తలచుకొని మురియుచున్నాడే గాని ఎదుట నున్న ముఖమును చూచుటలేదని కొందరందురు. ఆ మాట నేనొప్పను. అయినను వాదమునకు ఈ సాక్ష్యము చాలదు. తనదియైనదానియందలి ప్రేమలో స్వార్థపు పాలెంతయో తేల్చుట కష్టము. (కోయిల తన గ్రుడ్డును కాకి గూటిలో పెట్టిపోవుననియు, కాకి దానిని గూడ సాకుననియు మనమెరుగుదుము. అదియు ఇచ్చట అక్కరకు రాదు. తెలియక చేసినది గనుక.) తెలిసి తెలిసి, తనది కానిదానిని, దానికి వారసులైనవారే మెచ్చక మూలబెట్టినదానిని ప్రేమించిన మనుష్యుడొకడు కావలెను. ఆతని కన్ను చూచినది సత్యమో భ్రమయో తరువాతి కాలము నిర్ణయించి యుండవలెను. తెలుగువారికి అట్టివాడు లేకపోలేదు. ఆతడే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

బ్రౌను దొర 1798లో కలకత్తాలో జన్మించెను. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. 1817లో మద్రాసు చేరి, కుంపిణీ కొలువునకు వలసిన దేశభాషలు నేర్చుటకు సెంట్ జార్జి కోటలోని కళాశాలలో ప్రవేశించెను. వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు తెలుగు నేర్పెను. 1820లో కడపలో ఉద్యోగమిచ్చిరి. ఇంతవరకు ఈ చరిత్రలో ప్రేమ యను మాటకు తావే లేదని పాఠకులు గమనింపవలెను. తెలుగు ఆయనకు వలపువలన వచ్చినది కాదు, ఉద్యోగ నిబంధన వలన వచ్చినది.

ఆనాటికి తెలుగు కావ్యములలో అచ్చుపడినవి బహు స్వల్పము. తక్కినవన్నియు తాటాకులపై నుండి, కొన్ని పురుగులపాలై, కొన్ని చెరువుపాలై, కొన్ని అటకలపై పొగచూరి యుండెను. వేమన పద్యముల గతి మరియు విచిత్రమైనది. అవి అందరి నాలుకలమీదను ఉండెను. ఏ పండితుని పీఠముమీదను లేకుండెను. సంచారులు, కాపులు, చిల్లర వర్తకులు చెప్పుకొను ఆటవెలదులను కావ్యముగా ఎంచుటకు విద్వాంసులలో పెక్కురు సమ్మతింపలేదు. భాష సామాన్యము, భావము కటువు, పైగా కులమును ఆచారమును ఎకసెక్కెములాడుట. ఫ్రెంచి మతాచార్యుడు ద్యుబువా వ్రాసిన గ్రంథములో వేమన పేరు చూచి బ్రౌను ఆ పద్యములకై వెదకనారంభించెను. ప్రతులు తెప్పించెను. ఒక ప్రతిలో నున్నది మరియొక ప్రతిలో లేదు. ఒకే పద్యము పది తీరుల నుండెను. వానినన్నింటిని ప్రక్కప్రక్కన పెట్టి, పాఠములు పోల్చి, ఎత్తి వ్రాయించి, 1829లో 693 పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. అంతటితో విడువలేదు. 1839 నాటి ముద్రణలో పద్యముల సంఖ్య 1164.

నాకు ఆశ్చర్యము గొలుపునది ఈ రెండు సంఖ్యల నడుమనున్న పది సంవత్సరములు. ప్రేమ కేవలము భ్రమయైనచో దగ్గరకు పోయినకొలది చెదరవలెను గదా! ఎండమావి అట్లే చెదరును. ఇచ్చట దగ్గరకు పోయినకొలది చూడదగినది పెరిగినది. భ్రమకును ప్రేమకును భేదము తెలిసికొనుటకు ఇంతకు మించిన గీటురాయి నాకు దొరకలేదు. మోహము దూరమును కోరును. ఆ తెర తొలగెనా, తానును తొలగును. ప్రేమ సామీప్యమును, దానితోపాటు పాఠాంతరములను, చెదపురుగులను, లెక్కతేలని పద్యపాదములను గూడ కోరును.

మరియు ఇచ్చట నా మొదటి ప్రశ్నయే తలక్రిందులగుచున్నది. బ్రౌను విషయమున ముందున్నది సౌందర్యమును కాదు, ప్రేమయు కాదు, పని. ఆ పనిలో కుదిరిన శ్రద్ధ ప్రేమయైనది. ఆ ప్రేమకు సౌందర్యము కనబడినది. పని యంతయు ఇట్లు పరిణమించునని చెప్పుటకు వీలులేదు. ముప్పది ఏండ్లు కచేరిలో కాగితములపై సంతకములు చేసి, ఒక్క కాగితమునైనను చదువక వెడలిపోవువారు కలరు. శరణులు కేవలము పని యనక కాయకము అని వేరుగ పేరు పెట్టుటలో ఈ భేదమును గుర్తించిరని నా తలంపు. చేయి చేయుచున్న చోటనే మనస్సును ఉండుట కాయకము. తన ఇష్టలింగమును పోషించు భక్తుని గూర్చి మనము చెప్పుకొను మాటలు, తాటాకు ముందు కూర్చున్న ఆ పరదేశికి ఏ మాత్రము చెల్లవని నేననజాలను.

కడపలో ఆయన బంగళా కొని, పండితులను చేర్చి, సొంత జీతములిచ్చి, ప్రతులు సంస్కరింపజేసెను. జూలూరి అప్పయ్య మొదలగు పండితులు లేక ఆయన కృషి లేదు. ఈ సంగతి పలువురు మరచుచున్నారు. అప్పులును అయినవి. 1840లో జంగముల మతాచారములను, సాహిత్యమును గూర్చి ఆంగ్లమున ఒక దీర్ఘవ్యాసము ప్రకటించెను. ద్విపదలో జానుతెనుగున వెలసిన పాల్కురికి సోమనాథుని కృతులను తక్కువగా చూచుట పండితులకు పరిపాటియై యున్న కాలమది. ఆ వ్యాసమందలి అభిప్రాయములన్నియు నేడు నిలుచునవి కావు. ఆయన కుంపిణీ అధికారి. తన జాతి గర్వము, తన మతపు అద్దములు తనకుండెను. కోపిష్ఠి యని గూడ ప్రతీతి. ప్రేమించువాడు నిర్దోషియై యుండవలెనను నియమము పురాణములలో చెల్లును గాని మనుష్యులలో చెల్లదు.

ఇక విధి మాట. కొంతకాలము క్రిందట ఒక పడుచువాడు నాకడకు వచ్చి, మూడు పర్యాయములు పరీక్ష తప్పితిననియు, తన నుదుట విద్య వ్రాసిలేదనియు చెప్పెను. వానిని ఊరడించుటకు ఏవో చెప్పితిని. అవి నాకే రుచింపలేదు. పిదప ఆలోచించితిని. బ్రౌను తెలుగుదేశమునకు వచ్చుట విధియే యనుకొందము. కలకత్తాలో పుట్టినవాడు లండనులో స్థిరపడక కడపలో పడుట, అందును వేమన తిరిగిన సీమలో పడుట, ఏ బ్రహ్మ వ్రాసిన వ్రాతయో అనిపించును. కాని అదే కళాశాలలో అదే తెలుగు నేర్చి, అట్టి జిల్లాలకే పోయిన కుంపిణీ ఉద్యోగులు ఎందరో యుండిరి. వారి నుదుటను అదే వ్రాత యుండెను. కొలువు ముగిసిన పిదప పింఛనుతో వారు స్వదేశము చేరిరి. ఆ తాటాకులు వారికి ఎండుటాకులు. విధి మనుష్యుని ఒక ఊరి పొలిమేరవరకు తెచ్చి విడుచును. ఊరిలోనికి పోవుట ఆతని కాళ్ళ పని.

అయితే ఒక చిక్కున్నది. దానిని దాచుట న్యాయము గాదు. ఆ శ్రద్ధ గూడ పుట్టుకతోనే వచ్చినదేమో? ఒకనికి శ్రద్ధ కుదిరి మరియొకనికి కుదురకపోవుట గూడ వ్రాతయేమో? ఇట్లడిగినవారికి పూర్ణమగు సమాధానము నాకడ లేదు. ఒక్కటి మాత్రము చూచినాను. శ్రద్ధ లేనివాడు దానిని రెండు గడియలు అభినయించినను, మూడవ గడియలో అది కొంత నిజమగుచుండును. వ్రాతకు ఈ గుణము లేదు. తిథివార నక్షత్రములను లెక్కచేయక పనికి పూనుకొమ్మని శరణులు బోధించుటలో గ్రహములపై కోపము కంటె ఈ మూడవ గడియపై నమ్మకమే ఎక్కువయని తోచును. ఆ పడుచువానితో ఈ మాటయే చెప్పియుండవలసినది. వాడు మరల వచ్చినచో చెప్పెదను.

విజయమును గూర్చి వ్రాయుట కష్టము. ఏలయన, అది ఎప్పుడు లెక్కగట్టవలెనో ఎవరును చెప్పరు. 1834లో బ్రౌను ఇంగ్లండుకు పోయెను. అచ్చటనైనను విశ్రమించెనా? లండనులోని కుంపిణీవారి గ్రంథాలయములో దక్షిణదేశపు వ్రాతప్రతులు పలుకరించువారు లేక పడియుండుట చూచి, వానిని మద్రాసునకు పంపునట్లు చేసెను. పిదప తిరిగివచ్చెను. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. అందు కావ్యపదముల సరసనే పొలములో, సంతలో, వంటయింటిలో పలుకు మాటలు కూర్చుండినవి. 1855లో ఆరోగ్యము చెడి ఈ దేశము విడిచెను, మరల రాలేదు. పెండ్లి చేసికొనలేదు. గవర్నరు కాలేదు, గవర్నరు సభలో సభ్యుడును కాలేదు. లండను విశ్వవిద్యాలయములో కొంతకాలము తెలుగు ఆచార్యుడుగా నుండి 1884లో అచ్చటనే మరణించెను. ఆ దినమున లెక్కగట్టినవారికి ఈ జీవితము ఏ ఖాతాలో పడియుండును?

మన దేశమున గూడ ఆయనను చాలకాలము నిఘంటువు అట్టమీది పేరుగా మాత్రమే ఎరిగియుంటిమి. 1970 దశకములో బంగోరె యను పేర ప్రసిద్ధుడైన బండి గోపాలరెడ్డి ఆయన లేఖలను, కాగితములను త్రవ్వితీయుటకు తన జీవితమును ధారవోసెను. కడపలో ఆ బంగళా శిథిలమై మొండిగోడలు మిగిలిన స్థలముననే జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలవలన బ్రౌను పేర గ్రంథాలయము లేచినది. నేడు బడిపిల్లవానికి వేమన పద్యము రాదనిన మనము ఆశ్చర్యపడుదుము. బ్రౌను కన్ను చూచినది భ్రమ కాదని కాలము తీర్పు చెప్పినది. కాని ఆ తీర్పు వినుటకు ఆయన లేడు. విజయమన్నది విన్నవానిదే యైనచో ఆయన ఓడినట్లే. ప్రేమించినది బ్రదుకుటయే విజయమైనచో, గెలిచినది వేమన పద్యము. ఆ గెలుపులో బ్రౌనునకు వాటా అడుగు హక్కున్నదో లేదో నాకు తెలియదు. అడిగియుండడని మాత్రము అనుకొందును.

ఇంతకు, ఆయన చేతికి ప్రతులు అందించినదెవరు? రెండు నూరు లేండ్లో అంతకు మించియో, అచ్చు లేని కాలమున, పండితుల మెప్పు లేకయే వేమన పద్యములను ఘంటముతో తాటాకుపై గీచినవారెవరో యుండిరి. వారికి జీతములు లేవు, బంగళాలు లేవు, చరిత్రలో పేర్లును లేవు. ఆకు శిథిలమగునని వారెరుగుదురు. శిథిలమగుటకు ముందే మరియొక ఆకుపై ఎక్కించిరి. ఒక్కొక్కడు తాను విన్న పద్యమొకటి చేర్చియుండును. పదిప్రతుల తేడాలలో కొంత ఆ ముచ్చటయే కావచ్చును. మనవైపు వ్రాయసకాండ్రకు ఒక ఆచారముండెడిది. గ్రంథము ముగించి, కట్టకు త్రాడు బిగించుటకు ముందు చివరి ఆకుపై తమ మాట యొకటి చేర్చుదురు. వెన్ను వంచి, మెడ వంచి, చూపు నిలిపి కష్టపడి వ్రాసితిమి, దీనిని నీటినుండి, నిప్పునుండి, వదులు కట్టునుండి కాపాడుడని, ఎన్నడును చూడబోని ఎవరినో వేడుకొందురు.