వాక్శుద్ధి

అనకాపల్లి బెల్లపు విపణికి పేరుగన్న పట్టణము. చెరకురసమును పెనములో కాచునపుడు పైకి తేలిన మడ్డిని తీసివేయనిదే మంచి బెల్లము రాదు. ఉద్యోగమునకై ఇంటర్వ్యూకు వెళ్ళు యువతీయువకులు గూడ తమ వాక్కును ముందుగా ఇట్లే శుద్ధి చేసికొనవలెను.

కిష్కింధాకాండలో హనుమంతుడు సుగ్రీవుని దూతగా శ్రీరాముని సన్నిధికి వచ్చెను. ధరించినది భిక్షురూపమైనను, తానెవరో, ఎవరు పంపగా వచ్చెనో దాచక విన్నవించెను. శ్రీరాముడు లక్ష్మణునితో, ఇతడు వేదములను, వ్యాకరణమును చక్కగా అభ్యసించినవాడనియు, ఇంతసేపు మాటలాడినను ఒక్క అపశబ్దము దొర్లలేదనియు, ముఖమున వికారము కానరాలేదనియు ప్రశంసించెను. ఆ నేర్పు ఆ క్షణమున పుట్టినది కాదు. సూర్యభగవానుని యొద్ద చేసిన విద్యాభ్యాసమునకు ఫలము.

కావున ఉద్యోగార్థి చదివినదానిని మరల మననము చేయవలెను. తెలిసినది తొట్రుపడక చెప్పవలెను. తెలియనిది తెలియదని వినయముతో ఒప్పుకొనవలెను. లేని అనుభవమును దరఖాస్తులో వ్రాసి, స్వామికి కొబ్బరికాయ కొట్టుట భక్తి కానేరదు. అనకాపల్లి జిల్లాలోని ఉపమాక శ్రీ వేంకటేశ్వరస్వామిని దర్శించువారు, ఉద్యోగమిమ్మని కోరుటకు ముందు, నిజము పలుకు ధైర్యమిమ్మని వేడుకొందురు గాక!

ఫలము స్వామి అధీనము. ఉద్యోగము లభింపకున్నను, నిజము పలికి వచ్చిన బిడ్డను నిందింపక ఆదరించుట ఇంటివారి ధర్మము.