లోపలి వంకర

మా విచారణలో ఇంటర్ చదివే ఒక అబ్బాయి రేడియో కంట్రోలుతో ఎగిరే చిన్న విమానాన్ని ఇంట్లోనే కట్టసాగాడు. బల్లమీద ప్లాను పరచి, దానిపైనే తేలికైన బాల్సా చెక్కముక్కలను గుండుసూదులతో నిలిపి జిగురుతో అతికించాడు. బల్ల వంగి ఉండడంతో ఒక రెక్క మెలితిరిగింది. "పైన కాగితం అతికిస్తే కనపడదు ఫాదర్! ఎగిరేటప్పుడు రిమోటులోని ట్రిమ్ము మీటతో సరిచేసుకుంటాను" అన్నాడు.

వేగంగా పోతున్నంతసేపు ఆ సవరింపు చాలుతుంది. దిగేందుకు వేగం తగ్గించినప్పుడు మెలితిరిగిన రెక్క ముందుగా పట్టుతప్పి, విమానం ఒక ప్రక్కకు కూలవచ్చు. క్రింద పిల్లలు ఆడుకుంటూ ఉండవచ్చు.

ఎవరూ చూడని లోపం లోపమేనా? లోపమే. మన దాపరికాలూ ఇంతే. రోజులు సాఫీగా సాగినంతకాలం మర్యాద, మాటనేర్పు వాటిని కప్పుతాయి. జబ్బో, అప్పో వచ్చిననాడు లోపలి వంకర బయటపడి ఇంటిల్లిపాదినీ గాయపరుస్తుంది. మనం సాధించే సద్గుణం అభ్యాసంవల్ల స్థిరపడుతుందని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. కప్పిపుచ్చడమూ అలాగే అలవాటవుతుంది.

ఆ అబ్బాయి అతుకులు కోసి, రెక్కను మళ్ళీ కట్టాడు. పాపసంకీర్తనంలో మనం చేసేదీ ఇదే. తల్లిదండ్రులారా, మీ బిడ్డ తప్పు ఒప్పుకొని పని మళ్ళీ మొదలుపెట్టినప్పుడు, పాడైన చెక్క ఖరీదు లెక్కించి కోప్పడకండి.