రాయి పట్టుకొన్న చేయి

ధ్యానభాగము: యోహాను సువార్త 8:1–11



పురుషుడు పురుషుని, స్త్రీ స్త్రీని పెండ్లాడుటను గూర్చి మన మందిరములలో అడిగితే, "వాక్యము ఒప్పుకోదు" అనే జవాబు వెంటనే వస్తుంది. అయితే ఆరాధన ముగిశాక, చెప్పులు తొడుక్కొంటూ కొందరు మెల్లగా అడుగుతారు: "అయ్యగారూ, మన బిడ్డే అట్లాంటిదని తెలిస్తే ఏం చేయాలి?" ఈ తటపటాయింపు అవిశ్వాసమా? కాదని నా నమ్మకము.

ముందుగా చట్టము సంగతి. యుక్తవయస్సు వచ్చిన ఇద్దరు ఇష్టపడి ఏకాంతములో కలిసియుండుట నేరము కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. హైదరాబాదులో నివసించే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ మొదలైనవారు వివాహమునకు గుర్తింపు కోరగా, 2023 అక్టోబరు 17న అదే కోర్టు నిరాకరించి, అది చట్టసభల పని అన్నది. కాబట్టి అట్టి పెండ్లి జరిపించమని మన పాస్టరుగారిని ఏ చట్టమూ బలవంతపెట్టడం లేదు. మనస్సాక్షిపై రాజునకు అధికారము లేదని 1612లోనే థామస్ హెల్విస్ అనే బాప్టిస్టు వ్రాశాడు. ఆ స్వాతంత్ర్యము మనకు కావాలంటే ఇతరులకూ ఉండనియ్యాలి.

ఇక మిగిలినది మన ఇల్లు. మన "కాదు" అనే మాట వాక్యమునకు లోబడి వచ్చినదా, నలుగురి నోటికి జడిసి వచ్చినదా? వాక్యమునకు భయపడినవాడు మోకాళ్లూనుతాడు. నలుగురికి జడిసినవాడు తలుపు మూస్తాడు. లేదా ఏమీ ఎరుగని ఇంకొకరి బిడ్డతో తొందరగా ముడిపెట్టి, రెండు బ్రతుకులూ పాడుచేస్తాడు.

ఆ స్త్రీని నడుమ నిలువబెట్టిన దినమున ప్రభువు ధర్మశాస్త్రమును కొట్టివేయలేదు. ఇక పాపము చేయవద్దనే ఆమెకు చెప్పాడు. గాని రాళ్లు రువ్వవచ్చినవారు వెళ్లిపోయిన తరువాతనే ఆ మాట చెప్పాడు. ముందుగా వెనుదిరిగినదీ పెద్దలే. ఆమె సంగతీ మన బిడ్డల సంగతీ ఒకటేనని నేననను. రాయి పట్టుకొన్న చేయి మాత్రము మనదే.

ప్రియులారా, వివాహమును గూర్చి మీరు నమ్మినది విడిచిపెట్టమని నేను చెప్పడం లేదు. బెంగుళూరు బస్సు దిగి వచ్చిన బిడ్డ గుమ్మములో నిలిచి నిజము చెప్పిన రాత్రి, మొదట అన్నము పెట్టండి. చివరివరకు వినండి. కలిసి ప్రార్థించండి. సంఘ పెద్దలారా, ఆ ఇంటి మాటను ఇంకొక ఇంటికి మోయకండి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.