రక్తపిశాచముపై జాలి

చెడ్డవానిని చూచి భయపడుట లోకసహజము. అట్టివానిని చూచి మనసు కరగుట ఎట్లు సంభవించునో ఆలోచింపదగియున్నది.

చంద్రపూరు జిల్లా కోఠారి వంటి ఊళ్లలో తెలుగు కుటుంబములకు ఇంటిలో తెలుగు, అంగడిలో మరాఠీ, టెలివిజనులో హిందీ. 2010 అక్టోబరు మొదలు 2011 డిసెంబరు వరకు స్టార్ వన్ ఛానలులో ‘ప్యార్ కీ యే ఏక్ కహానీ’ అను హిందీ సీరియలు వచ్చినది. ఏక్తా కపూర్ సంస్థ తీసిన ఆ కథలో నాయకుడు డెహ్రాడూన్ కళాశాలలో చదువుకొను రక్తపిశాచము. వివియన్ డిసేనా ధరించిన ఆ పాత్ర పేరు అభయ్. అభయదానమును దానములన్నిటిలో మిన్నగా నెంచు ఇళ్లలో రక్తము త్రాగు జాతివానికి ఆ పేరు వినబడుట చిత్రమే. ప్రొద్దు క్రుంకినపిమ్మట మంచినీరైన ముట్టని పెద్దల ప్రక్కనే కూర్చుండి, చీకటి పడిననేగాని ఆకలి వేయని పిశాచమును చూచి పిల్లలు మురియుట మరియొక చిత్రము.

ఈ మురిపెము హిందీవారు కనిపెట్టినది కాదు. అమెరికాలో ఏ.బి.సి. సంస్థ 1966 జూన్ నుండి 1971 ఏప్రిల్ వరకు పగటివేళ ప్రసారము చేసిన ‘డార్క్ షాడోస్’ సీరియలులో మొదట రక్తపిశాచము లేదు. చూచువారు తగ్గగా నిర్మాత డాన్ కర్టిస్ 1967 ఏప్రిల్‌లో బార్నబస్ కాలిన్స్ అను పిశాచమును దింపెను. నగలకు ఆశపడి ఒకడు గొలుసులు చుట్టిన శవపేటికను తెరచుటతో అది బయటపడినది. దురాశతో తెరచిన పెట్టెలో ఏమి దొరకునో వర్తకులకు వేరుగా చెప్పనక్కరలేదు. కొద్దికాలము ఉంచి పంపివేయదలచిన పాత్ర అది. కాని జోనాథన్ ఫ్రిడ్ నటన చూచి గృహిణులు మెచ్చిరి, బడి విడువగానే పిల్లలు ఇండ్లకు పరుగెత్తిరి. ఇక ఆ పిశాచమును పంపివేయుట ఎవరితరము?

వారికి నచ్చినవి వాని కోరలు కావు, వాని దుఃఖము. మంత్రగత్తె శాపమువలన పిశాచమైనవాడు; పోగొట్టుకొన్న ప్రియురాలికై కుములువాడు; తన బ్రతుకునకు తానే రోయువాడు. ఇంతవరకు జాలి న్యాయమే. అయితే ఈ దుఃఖితుడే కాఫీ హోటలులో పనిచేయు మ్యాగీ అను పిల్లను ఎత్తుకొనిపోయి, బంధించి, ఆమెను తన పాత ప్రియురాలిగా మార్చజూచును. పిశాచపు కన్నీటిని వర్ణించువారు పెక్కుమంది. వాని చేతిలో నలిగినవారి పేర్లు అడిగిన, చెప్పగలవారు అరుదు. ఖర్చు వ్రాయక జమ మాత్రము వ్రాసిన చిట్టా యిది. పిల్లలను టెలివిజను ముందునుండి లేపుట సులభమే గాని, ‘ఆ చచ్చినవాని పేరేమి?’ అని అడిగి చూచుట అంతకంటె మేలు.

అదంతయు ఆటయే కదా, నిజముగా ఎవరి రక్తము కారినది అనువారు కలరు. ప్రశ్న పాతది. క్రీ.శ. 959లో సోమదేవసూరి నేటి కరీంనగరు జిల్లాలోని గంగాధరలో ముగించిన ‘యశస్తిలకము’ దీనినే విచారించినది. యశోధర రాజు ప్రాణిని బలియిచ్చుటకు ఒప్పుకొనడు. తల్లి చంద్రమతి విడువదు. తుదకు పిండితో చేసిన కోడిని నరకును. పిండికి ప్రాణము లేదు. నరకవలెనను తలంపునకు మాత్రము ఉన్నది. ఆ తలంపునకు తల్లీకొడుకులు నెమలిగా, కుక్కగా, ఇంకను పెక్కు జన్మములెత్తిరి.

అట్లని సీరియలు చూచిన ప్రతివాడును పిండికోడిని నరికినట్లే యనుట తొందరపాటు. యశోధరుడు కత్తి యెత్తెను. చూచువాడు ఊరక కూర్చుండెను. పాపమునకు చేయుట, చేయించుట, మెచ్చుట అని మూడు ద్వారములు చెప్పిరి గదా. చూచువాడు భయపడవలసినది మూడవదానికి. పిశాచమును వెదకుచు వచ్చినవారు తలుపు తట్టునప్పుడు ‘అయ్యో, వీడు దొరకకుండిన బాగుండును’ అని గుండె కొట్టుకొన్నచో, అతడు ఆ ద్వారము దాటినట్లే.

ఆ కోరిక ఎందుకు పుట్టును? వాడు అందగాడనియా? జన్నకవి 1209లో కన్నడమున వ్రాసిన యశోధర చరితలో రాణి అమృతమతి వలచిన మావటి కురూపి. అతని పాట చాలినది. రూపము నెపము మాత్రమే. అసలు మందు వేరు. పిశాచము పశ్చాత్తాపపడును గాని మానదు. ఏడ్చును, మరునాటి రాత్రి మరల బయలుదేరును. ఇది ఎరుగని ముఖము కాదు. సంవత్సరీనాడు ఊరందరికి ‘మిచ్ఛామి దుక్కడం’ చెప్పి మరునాడు కాటాపై అదే వ్రేలు పెట్టువాడు కలడు. పత్తి తూకములో రైతుకు రెండు కిలోలు తగ్గించి, నిద్రపట్టలేదని మిత్రునితో చెప్పుకొని, ఆ చెప్పుకొనుటతోనే తేలికపడువాడు కలడు. తన వడ్డీ రక్తము పీల్చుచున్నదని ఊరివారనుట విని, వడ్డీ తగ్గింపక చందా పెంచువాడును కలడు. వీరు క్రూరులు కారు. మృదువుగా మాటలాడుదురు, నిజముగనే నొచ్చుకొందురు. ఆ నొచ్చుకొనుటయే మరునాటికి సెలవుచీటీ యగుచున్నది. అట్టివారు తెరమీద తమవంటి దుఃఖితుని చూచి, వాడు తప్పించుకొనవలెనని కోరుటలో ఆశ్చర్యమేమి?

యశస్తిలకములో ఆ పూర్వకథను చెప్పువారు అభయరుచి, అభయమతి అను కవలలు. పెక్కు జన్మముల పిమ్మటి యశోధర చంద్రమతులే వారు. ఇక్కడను పేరు అభయమే. మారిదత్త రాజు వారిని చండమారి గుడికి బలికై తెప్పించి, చేత కత్తి పట్టుకొని వారి కథ వినెను. విని, బలి మానెను.