అబీగయీలు ఎదురెళ్లిన దారి

కొండమీది ప్రసంగంలో యేసు ధన్యులని చెప్పినవారిలో సమాధానపరిచేవారూ ఉన్నారు. దేవుని కుమారులనే పేరు వారికి దక్కుతుందన్నాడు (మత్తయి 5:9). గొడవ చూసి ‘మనకెందుకులే’ అని తలుపేసుకునేవారికి ఆ మాట వర్తించదు. సమాధానపరచడం ఎంత కష్టమైన పనో తెలియాలంటే మొదటి సమూయేలు గ్రంథం 25వ అధ్యాయం చదవాలి.

కర్మెలులో గొర్రెల బొచ్చు కత్తిరించే రోజులవి. నాబాలు అనే ధనవంతుడికి 3,000 గొర్రెలు, 1,000 మేకలు. అడవిలో అతని కాపరులకు దావీదు మనుషులు అండగా నిలిచారు. ఆ చనువుతో దావీదు పదిమంది కుర్రాళ్లను పంపి, తోచింది పెట్టమని మర్యాదగా అడిగించాడు. నాబాలు పెట్టకపోగా, యజమానుల్ని వదిలి పారిపోయే దాసులు ఈమధ్య ఎక్కువయ్యారని నోరు పారేసుకున్నాడు. దావీదుకు తిండి దొరకనందుకంటే ఆ మాటకే ఒళ్లు మండింది. మన ఊళ్లలోనూ అంతే. గట్టు జానెడు జరిగితే సర్దుకునే అన్నదమ్ములు, నలుగురిలో అన్న ఒక్క మాటకు ఏళ్ల తరబడి మాట్లాడుకోరు. దావీదు కత్తి కట్టుకున్నాడు. వెంట 400 మంది కదిలారు. తెల్లారేసరికి ఆ ఇంట మగవాడన్నవాడు మిగలడని ఒట్టు పెట్టుకున్నాడు.

ఈ కథలో నాబాలు భార్య అబీగయీలును అందరూ తలుచుకుంటారు. ఆమెకంటే ముందు కదిలిన పనివాడిని ఎవరూ తలుచుకోరు. గ్రంథంలో అతనికి పేరు కూడా లేదు. జరిగిందంతా వచ్చి ఆమెకు చెప్పాడు. యజమాని తిట్టాడని చెప్పి ఊరుకోలేదు, ఆ మనుషులు రాత్రింబవళ్లు తమకు ప్రాకారంలా నిలిచారన్న సంగతీ చెప్పాడు. అక్కడి మాట ఇక్కడికి మోసి, మన మొహంలో కోపం చూసి తృప్తిపడేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఇతను మాత్రం అవతలివాళ్ల మంచిని కూడా మోసుకొచ్చాడు. చక్కదిద్దగల మనిషికే చెప్పాడు. సమాధానం అక్కడే మొదలైందని నా నమ్మకం.

అబీగయీలు ఆలస్యం చేయలేదు. 200 రొట్టెలు, ద్రాక్షారసం, వండిన మాంసం, వేయించిన ధాన్యం, ఎండు ద్రాక్ష, అంజూరపు అడలు గాడిదల మీద వేయించి ఎదురెళ్లింది. దావీదు కనబడగానే దిగి సాగిలపడి, తప్పు తన మీద వేసుకుంది. అలాగని భర్త మూర్ఖత్వాన్ని కప్పిపుచ్చలేదు. ఎవరిది న్యాయమన్న వాదనకూ దిగలేదు. రేపు దేవుడు నిన్ను ఏలికను చేసినప్పుడు, ఊరికే రక్తం చిందించానన్న బాధ నీ మనసులో మిగలకూడదన్నది ఆమె మాటల సారం. కోపంలో ఉన్నవాడికి రేపటి తనను చూపించింది.

సంఘ పెద్దలకు ఒక మనవి. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీకి సమాధానం పేరు చెప్పి ‘సర్దుకుపోమ్మా’ అనకండి. ఆ మాటకు అబీగయీలును సాక్ష్యంగా పిలవకండి. ఆమె భర్తకు చెప్పకుండానే బయల్దేరి, ఆ ఇంటి ప్రాణాలు కాపాడింది. తిరిగొచ్చేసరికి అతను విందులో తాగి మత్తులో ఉంటే ఆ రాత్రి నోరు విప్పలేదు. తెల్లారి మత్తు దిగాక జరిగిందంతా దాచకుండా చెప్పింది.

ఇక దావీదు. ఒట్టు పెట్టుకున్నవాడు, పైగా వెనక అంతమంది కత్తులు కట్టి నిలబడ్డారు. ‘ఇంతదూరం వచ్చాక వెనక్కి తగ్గితే పరువేం కావాలి?’ అన్న ఒక్క ప్రశ్నకే మన తగాదాలు సగం కోర్టుల దాకా వెళ్తున్నాయి. ఆ ప్రశ్న దావీదుకూ ఎదురై ఉండాలి. అయినా ఆమెను పంపిన దేవుణ్ని స్తుతించాడు. తన చేతుల్ని రక్తానికి దూరంగా ఆపింది ఆమేనని ఒప్పుకున్నాడు. తెచ్చింది తీసుకుని, నిశ్చింతగా ఇంటికి వెళ్లమన్నాడు. ఆ 400 మందిలో ఒక్కరైనా ఆయన్ని చేతగానివాడు అన్నట్టు గ్రంథంలో ఎక్కడా లేదు.